ఆసీలు

చిరాతా జలాశయం మీద
నీలం డ్రమ్ములకు కట్టిన వెదురు తెప్పలపై
మా వలగూళ్లు ఆరు.
నాలుగోది నాది. నా పేరు ఎంతిన్.

ఫిర్యాదు రాయమంటే అక్కడ నాలుగే గడులు:
పగిలిందా, రంగు తేడానా,
సైజు చాలలేదా, అసలు రాలేదా.
చేపలు చచ్చాయి అన్న గడి లేదు.
రంగు తేడా నొక్కాను.
అబద్ధమేమీ కాదు.

తెల్లపొట్టలు తేలిన నీళ్ల ఫొటో పంపితే
చూడకూడని దృశ్యమని తిప్పికొట్టింది.
ఖాళీ సంచీ ఫొటో పంపితే
తెరవని సంచీ కావాలంది.
తెరవకుండా మేతలో ఎలా కలుపుతారు బాబూ?
అటువైపు బాబెవరూ లేడని
అప్పటికి నాకు తెలీదు.

సంచీ మీద ఓనిహ్ అవ్వ ముఖం.
ఎండిన నేల ఉసిరి, వెల్లుల్లి,
పసుపుకి పెద్దక్కలాంటి తెములవాక్ దుంప
దంచి, జల్లించి,
కిలో మేతకి రెండు చెంచాలని ఆమె లెక్క.
పోయినేడు మా ఉజూ బావ
మందులకొట్టు గడప తొక్కకుండా
గట్టెక్కింది ఆ పొడితోనే.
ఆమె ఇంటికి రెండు బస్సులు, ఒక కొండ.
ఫోనులో అదే ముఖం,
మూడో వంతు ధర, రవాణా ఉచితం.
తెలివైనదాన్ననుకున్నాను.

తొమ్మిది రోజులు కలిపాను.
గోళ్లకంటిన పసుపు సబ్బుకి లొంగలేదు.
పదో రోజు వాన.
అడుగునీరు పైకి తిరగబడింది.
తెల్లారేసరికి మూడు క్వింటాళ్ల బంగారుతీగలు
వాన చుక్కలు తాగుతున్నట్టు
నోళ్లు తెరుచుకుని.

జవాబొచ్చింది:
మేం అమ్మేవాళ్లం కాము,
అమ్మేవారినీ కొనేవారినీ కలిపే స్థలం మాత్రమే.
మీ అనుభవానికి చింతిస్తున్నాం.
చివర ఒక పువ్వు బొమ్మ.

స్థలమా?
మా సోమవారం సంతా స్థలమే.
బుట్టకింతని జాజంగ్ ఆసీలు వసూలు చేస్తాడు.
ఒకసారి దొంగ తూకంరాళ్లు బయటపడితే
జనం ముందు పట్టుకున్నది వాడి చొక్కానే.
నాకేం తెలుసన్నాడు.
బుట్టలు లెక్కపెట్టడం తెలుసుగా
అంది వంకాయలమ్మే కొకొమ్.
అప్పట్నుంచి చీటీ మీద
అమ్మేవాడి పేరూ ఊరూ రాస్తున్నాడు,
వంకర అక్షరాలే, కానీ రాస్తున్నాడు.

నా వందలో ఎనిమిది తీసుకున్నవాళ్లకి మాత్రం
అమ్మినవాడి ఊరు తెలీదట.
దుకాణం పేరులో ఒక్క అక్షరం మార్చి
వాడీ వారం మళ్లీ తెరిచాడు.
అదే ముఖం.

ఇంకో సంగతి, ఇది చెప్పడానికి సిగ్గు.
ఆ కోపంలో వెతికి వెతికి
ఒక్క నక్షత్రం పెట్టాను,
ఓనిహ్ అవ్వ మనవడు నడిపే అసలు దుకాణానికి.
తీసేద్దామంటే గడువు దాటిందట.

అందుకే రెండు బస్సులు, ఆ కొండ.
అవ్వ సంచీ వాసన చూసింది.
నాలుక మీద ఇంత వేసుకుని ఉమ్మేసింది.
తవుడు, బట్టలకేసే రంగు, అంది.
బొమ్మను కళ్లకి దగ్గరగా పెట్టుకుని
ముఖం నాదే తల్లీ, చేతులు నావి కావు, అంది.
నక్షత్రం గురించి చెప్పాను.
మనవడు ఏడ్చాడు, అంది. అంతే.

అసలు పొడైతే బతికేవా అని అడిగాను.
తిరగబడ్డ నీటికి నా దగ్గర మందు లేదు,
కాస్త బలం ఉండేదేమో, అంది.
ఆ ఏమో నాకు దక్కాల్సింది.
దాన్ని కూడా ఎవడో మూడో వంతు ధరకి కాజేశాడు.
డబ్బుల లెక్క బ్యాంకుకి చెప్పుకోగలను.
ఈ లెక్క ఏ గడిలో రాయను?

కాగితంలో గుప్పెడు పొడి కట్టిచ్చింది.
తూకం వేయలేదు.

సాయంత్రం తెప్ప అంచున కూర్చున్నాను.
గూటిలో మిగిలినవి పదకొండు.
సంచీ మీద బొమ్మ అవి చూడవు.
నక్షత్రాలు లెక్కపెట్టవు.
నా చేతి నీడ నీళ్ల మీద పడగానే
నోరు తెరుచుకుని పైకొస్తాయి.

వాటికి సంతను నేనే.
పొడి ముందు నా నాలుక మీద వేసుకున్నాను.
చేదు.
ఇంకాసేపు ఆగి
మేతలో కలిపాను.