పద్దెనిమిది

గడప మీదే ఇచ్చి పోయాడు కాగితం,
వానలో హెల్మెట్ కూడా తీయకుండా.
"ఎనిడ్ టక్స్‌వర్త్ మీరేనా?"
అవునన్నాను.
అవుననడమే పొరపాటేమో.

పదకొండు వేల నాలుగు వందల పౌండ్లు.
ఇరవై ఒక్క రోజుల్లో కట్టాలట,
లేకపోతే దివాలా పిటిషన్.
కాదని అడ్డం తిరగడానికి మాత్రం పద్దెనిమిదే.
ఆ సంగతి చిన్నక్షరాల్లో ఉంది, భూతద్దానికి దొరికింది.

గ్రిమ్స్‌బీ రేవులో చేపలకు పొగబెట్టే కొట్టు నాది.
వాళ్ళు బాగుచేశామంటున్న ఫ్రీజరు
మైనస్ పద్దెనిమిది దగ్గర నిలవాలి.
మైనస్ నాలుగు కంటే కిందికి దిగితే ఒట్టు.
ముప్ఫై పెట్టెల హాడాక్ మెత్తబడిపోయింది,
రేవు పిల్లులు వాసన చూసి తప్పుకున్నాయి.

"సగమైనా పారేసి వదిలించుకో" అంది వదిన హిల్డా.
చెయ్యని పనికి సగమెంత, వదినా?

నాకు వకీలు లేడు.
రోజూ పొద్దున్నే డిగ్రీలు రాసుకున్న నోటుబుక్కుంది,
పెన్సిలు రాత, అక్కడక్కడా పొలుసులు.
పదిహేడో రోజున ఫారం నింపాను.
బాకీ ఒప్పుకుంటారా అన్న చోట
"లేదు" అని రాసి
కాగితం చిరిగేటట్టు కింద గీత గీశాను.

విచారణ గదిలో వాళ్ళ లాయరు కుర్రాడు
"ఇన్‌వాయిస్ ఉంది కదండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా.
జడ్జమ్మ నోటుబుక్కు తిప్పింది.
మార్చి తొమ్మిది. మార్చి పది.
ముక్కు ఒక్కసారి ముడుచుకుంది.
లేచి వెళ్ళి కిటికీ కాస్త తెరిచి,
మళ్ళీ మొదటి పేజీ నుంచి
చదవడం మొదలెట్టింది.