ఆరున్నొకటి

ధర్మాబాద్ మిర్చి యార్డుల
మాట్లాడే కాట మొదలు తెచ్చింది మేమే.
పేపర్ల పడ్డ ముక్కను ఫ్రేము కట్టిచ్చి
గల్లా మీద వేలాడదీసిండు చిద్రావార్ సేటు.

మరాఠీ గొంతు నాందేడ్ నుంచి తెప్పిచ్చినం.
తెలుగు గొంతుకు పైసల్లేవు.
లెక్కలు రాసే కౌసల్యబాయి
తలుపులు మూసి, ఫ్యాను బందువెట్టి
ఒక్క పొద్దుల అంకెలన్ని చదివింది.
ఒకటి అనలే. లాభం, అన్నది,
మా తాత జొన్నలు కొలిచినట్టే.
ఏడు కాడ ఆగింది.
"ఆ మాటంటే మిర్చి తెచ్చినోడు ఏడ్వడా?"
ఆరున్నొకటి, అన్నది.
అని, ఘాటుకు దగ్గింది.
మళ్ళ చదివిద్దామన్న నేను.
ఉండనీ, అన్నడు సేటు.

ఆ దగ్గుతోటే పోయినయి కాటలు
బోధన్‌కు, భైంసాకు, దెగ్లూర్‌కు.
దగ్గితేనే అసలుదనేటోళ్ళు హమాలీలు.
ఎవడో నకలు చేసిండు;
అది ఏడు అన్నది, దొరికిపోయిండు.

కొత్త మాడల్ చేద్దామని ఎన్నిసార్లు అడిగిన.
"ఉన్నది మాట్లాడ్తలేదా?" అనేటోడు సేటు.
ఇంతల ముంబై లారీల మూగకాటలు దిగినయి.
సగం రేటు.
అడ్తిదార్లకు అదే మంచిగైంది,
తూకం రైతు చెవుల పడదు.
నలభై మందిమి పదకొండైనం.
ఆఖరికి నేను, వాచ్‌మన్, వాని మేక.

మొన్న పుణె నుంచి ఇద్దరొచ్చిండ్రు.
షెడ్డు వద్దు, మిషన్లు వద్దు,
పేరొక్కటే కావాలన్నరు.
ఏడనో చేసిన కాటకు అంటిస్తరట.
తెలుగు మాట్లాడ్తదా అంటే
"బఘూ" అన్నరు, ఫోన్లకెల్లి తల ఎత్తకుంట.
ఇంకేమన్న ఉన్నదా అని అడిగిండ్రు.
లేదన్న.
నా టిఫిన్ డబ్బల కౌసల్యబాయి గొంతు
ఇంకో ముప్పై చిప్పులున్నది.
దాన్ని ఏం చేస్తనో నాకే తెల్వది,
జనార్దన్ వాళ్ళ పిల్ల
మూగకాటను విప్పి చూస్తున్నదని మాత్రం తెలుసు.

ఇయ్యాల బోర్డు దించినం.
పాత ఇనుము కొనే మైనొద్దీన్
తన కాట తెచ్చి అరుగు మీద పెట్టిండు.
మాదే. కింద వైరుకు
నేను పెట్టిన సీసం బొట్టు అట్లనే ఉన్నది.
కంపెనీని దాని మీద పండవెట్టినం.
ఎర్ర అంకె ఏడు చూపెడ్తున్నది,
గొంతు మాత్రం
ఆరున్నొకటి, అన్నది.
దగ్గింది.

మైనొద్దీన్ వేలు తడి చేసుకొని
నోట్లు నా చేతుల పెట్టుకుంట
లాభం, అన్నడు.
రెండు, అన్నడు.