సొట్ట

గుణుపురంలో బస్సు టాపు మీంచి దించేసరికి
కొత్త రాగి బాన చెయ్యి కాలేంత వేడెక్కి ఉంది.
వంశధార ఒడ్డున హారామణి బట్టీ.
లైసెన్సు బోర్డు మీద గుండ్రటి ఒడియా అక్షరాలు,
కింద గోడ మీద బొగ్గుతో తెలుగులో అప్పుల లెక్క.

పాత బాన వాళ్ల తాత నాటిది.
నేనే పదకొండు మాట్లేశాను,
మా నాన్న వేసినవి ఎవరూ లెక్కపెట్టలేదు.
ఈసారి అడుగు మీద వేలు పెడితే వణికింది.
ఇక చాలమ్మా, అన్నాను.

పుట్టాసింగి కొండల్నుంచి ఇప్పపువ్వు
సవర ఆడవాళ్ల బుట్టల్లో దిగింది.
సొంబారి తెచ్చింది వేరే పోస్తారు,
ఆమె చెట్టు కింద ఆకులు కాల్చదు, ఊడుస్తుంది.
పువ్వుకి పొగ అంటదు.
ఆరు రాత్రులు నీళ్లలో పువ్వు గొణుక్కుంది.
ఏడోనాడు మద్ది కట్టెల మంట.
ఎక్కువైతే సారా కోపిష్టిదవుతుంది,
తక్కువైతే నీళ్లు నములుతుంది.

వెదురు గొట్టం చివర మొదటి చుక్క.
హారామణి అరచేత పట్టి, రుద్ది, వాసన చూసింది.
మళ్లీ చూసింది.
"మంచిదే బావూ. మనది కాదు."

తేడా ఏమిటో చెప్పలేదు.
పాత బాన దగ్గరికి తీసుకెళ్లి
దాని భుజం మీది సొట్టలో నా పిడికిలి పెట్టించింది.
తెల్లదొరల కాలంలో ఆబ్కారీ జవాను
తుపాకీ మడమతో కొట్టిన దెబ్బ.
ఆ రోజు తాతకి రెండు పళ్లు పోయాయి,
బానకి ఇది మిగిలింది.
"ఆవిరి అక్కడ తగిలి ఓపాలి ఎనక్కి తిరుగుతాది.
ఆ తిరగడమే మన రుచి."

నలభై ఏళ్లుగా సొట్టలు తీసి బతికినవాణ్ణి.
పెళ్లివారి బిందెలు, హోటలు బాయిలర్లు,
ఓసారి కలెక్టరాఫీసు గంగాళం.
సొట్ట పెట్టమన్నవాళ్లు లేరు.

వేళ్లతో కొలిచాను. రెండు వేళ్ల లోతు, ఎడమకి ఇంకాస్త.
జవానుది ఎడమచేతి వాటమేమో.
వాడి కోపాన్ని మాత్రం దేంతో కొలవను?
ఎత్తిన సుత్తి గాల్లోనే ఉండిపోయింది.
చివరికి కళ్లు మూసుకుని,
నాకు బాకీ ఎగ్గొట్టిన ఒకడి ముఖం తలుచుకుని కొట్టాను.

మరో వారం ఆగాను, మరో దింపు.
హారామణి ఆకుదొప్ప పెదాలకి తాకించి
చాలాసేపు ఏటివైపు చూసింది.
"ఒక పన్ను వచ్చింది బావూ,
ఇంకోటి రావాల."

సంచీలోంచి సుత్తి మళ్లీ తీశాను.