ఆఖరి స్టాపు

పంతొమ్మిదేళ్ళుగా
కావలి నించి వింజమూరు మీదుగా
దుత్తలూరు దాటగానే
కిటికీ సగం నిండా కొండ.
"ఉదయగిరి, ఉదయగిరి" అని అరిచి
సంచిలో చిల్లర లెక్క చూసుకునేవాణ్ణి.
ఆ కొండకి ఎప్పుడూ టిక్కెట్టు కొట్టలేదు.

మంగళవారం ఆఫ్.
టీ అంగడి కాడ ఖాసింబీ నవ్వింది.
"ఇంత దూరం తెచ్చి దించతావు గదన్నా,
ఇంకో రెండు గంటలు నడిస్తే ఏం బోయింది?"
చేతిలో కొడవలి, చంకలో ఖాళీ గోతం.
గరిటెలు చెక్కను కర్ర కావాలంట,
ఎండిందే ఏరుకోవాల,
ఆకు పచ్చగుంటే గార్డు ఊరుకోడు.

మెట్లు మొదట బుద్ధిగానే ఉన్నాయి.
తరవాత ఒకటి ఉంది, ఒకటి లేదు.
ఆ పైన మనమే అనుకోవాల, మెట్లని.
మొదటి వాకిలికి తలుపు లేదు.
రెండో వాకిలికి గోడే లేదు,
అయినా ఆమె తల వంచే లోపలికి పోయింది.
ఎందుకట్టా అంటే
"మా అత్త వంగేది" అంది.

బురుజు మీంచి బస్టాండు అగ్గిపెట్టంత.
మా బస్సు అందులో పుల్ల, అదీ సగం కాలింది.
ఎవరో రాజు ఏడాదిన్నర
ఈ కింద కాచుకోని కూర్చున్నాడంట.
పైనున్నోళ్ళు ఏడాదిన్నర
కింద వండే పొగ చూస్తా ఉన్నారంట.
నాకేం తెలుసు?
టైరు పంచరై గంట ఆగిన బస్సులో
జనం మొహాలు చూసినోణ్ణి, అంతే.

"ఇది గాదె" అంది ఖాసింబీ,
"గుర్రాల సాల అని కూడా అంటార్లే."
పైకప్పు ఆకాశం. కింద మేక పెంటికలు.
నెర్రె విచ్చిన గచ్చులోంచి
దేన్నీ అడక్కుండా లేచిన కలివి చెట్టు.
గాలికి విరిగి ఎండిన కొమ్మ ఒకటి
వేలితో తట్టింది, వాసన చూసింది,
గోతంలో వేసుకుంది.

పదిరోజులకి బస్సెక్కి
కాయితంలో చుట్టిన గరిటె నా సీట్లో పెట్టింది.
డబ్బులిస్తే టిక్కెట్టుకి మాత్రం పట్టుకోమంది.
అంచు పల్చగా, తామరాకు మాదిరి.
కాడ మీద చిన్న ముడి,
దాన్ని చెక్కకుండా వదిలేసింది.

ఆ రాత్రి అన్నం గిన్నెలో ముంచి
పొగలు కక్కే గరిటె నిండుగా పైకెత్తి
అట్టనే నిలబడిపోయాను.
ముందు ఎవరికి పెట్టాలో తోచలా.

"ఏంది, ఎవరన్నా రావాల్నా?" అంది మా ఆవిడ.

ఐదొందలేళ్ళు లేటు అని చెప్పబోయి
చారు అడిగాను.