రన్నింగ్ రూం

కాజీపేట రన్నింగ్ రూంల
ఎవ్వలు ఉరకరు.
బండ్లు దిగొచ్చిన డ్రైవర్లు, గార్డులు
బూట్లు మంచం కింద ఇడిసి
ముసుగుతన్ని పంటరు.
పేరు మాత్రం ఉరుకుడు గది.
నా కొలువు పేరు కాల్ బాయ్.
యాబై ఏడేండ్లొచ్చినయి,
ఇంకా బాయ్‌నే.

మా రవళి పోటీపరీక్షకు చదువుతాంది.
రన్ అనే ఒక్క మాటకు
డిక్షనరీల రెండున్నర పేజీలున్నయట.
"బాపు, నేను చదువుత, నువ్వు మన మాట చెప్పు" అన్నది.
చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట
సరే తియ్యి అన్న.

ముక్కు? కారుతది.
కాలువ? పారుతది.
కొత్త చీర రంగు? పోతది.
నల్లా? వస్తది.
మా సోమిడిల అయితే రెండొద్దులకొక్కసారి వస్తది,
అది గూడ రాయి.
హోటల్? నడుస్తది.
మిల్లు?

ఆడ జరంత ఆగిన.
మా నాయిన ఆజంజాహి మిల్లుల మగ్గం మీద చేసిండు.
గేటుకు తాళం పడ్డంక గూడ
బంద్ అయిందనలే ఎన్నడు.
"ఇప్పుడు నడుస్తలేదు" అనేటోడు,
మోకాళ్లు నొస్తున్న దోస్తు గురించి చెప్పినట్టు.

ఎలక్షన్లకు గూడ ఇంగ్లీషోళ్లు ఉరుకుతరట!
నాకు నవ్వాగలే.
మన కాడ నిలబడుతరు గదనే బిడ్డా.
మొన్న మా వార్డుకు ఐదుగురు నిలబడ్డరు,
గెలిచినాయన నిలబడ్డకాడ మల్ల కనవడలే.
"అయితే ఇంగ్లీషోళ్లదే కరెక్టు" అన్నది రవళి.

ఉప్పు ఒడిసింది.
దోస్తు తొవ్వల ఎదురువడ్డడు.
ఇంట్ల చెప్పకుంట పోయిన పిల్ల
లేచిపోయింది.
"లేచుడెందుకు బాపు, కూసుండి పోరాదా?"
వంటింట్లకెల్లి వాళ్లమ్మ
గంటె గట్టిగ సప్పుడు జేసింది.

తర్వాత, రన్ ఓవర్ అన్నది.

ఏసుపాదం సార్‌ది బెజవాడ.
పోయిన వానకాలం, నెక్కొండ దాటినంక
ఎవలో పట్టాల మీదికొచ్చిండట.
సారు హారన్ కొట్టిండు, బిరేకేసిండు.
బండి ఆగాల్నంటే దాని లెక్క దానికున్నది.
పదకొండో నంబరు మంచం మీద
బూట్లిప్పకుంట కూసున్నడు.
కాయితం మీద రన్ ఓవర్ అని రాసిండ్రు.
ఛాయ తీస్కపోతే,
"నేనే తొక్కించేశానయ్యా ఓదెలూ" అన్నడు.
"సార్, మా దిక్కు గట్లనరు,
బండి కింద పడ్డడు అంటం" అన్న.
చాన సేపు నా మొకం చూసిండు.
"మా వైపూ అంతేనయ్యా."
ఒక బూటు ఇప్పిండు.
రెండోది తెల్లారేదాంక ఇప్పలే.

రవళికి ఇదంత చెప్పలే.
"బండి కింద పడుడు" అన్న, అంతే.
రాసుకున్నది. రాసి కలం ఆపింది.
"మరి దీంట్ల బండి ఏం చెయ్యలేదా బాపు?"
చిక్కుడుకాయలు ఒడిసినయి.
పక్కన పెన్సిలుతోటి
చిన్న ప్రశ్న గుర్తు వెట్టుకున్నది.

రాత్రి రెండు నలబైకి ఒకాయనను లేపాలె.
టార్చిలైటు, కాల్ బుక్కు వట్టుకొని
వరండల చెప్పులు ఇడిసిన.
ముప్పై ఏండ్లయింది,
ఎంత ఆలిశమైనా
ఈ మంచాల నడుమ ఉరికింది లేదు.
పండుకున్న మనిషి ఏ మలుపుకాడ ఉన్నడో,
చెవుల ఏ హారన్ మోగుతాందో,
మనకేం ఎరుక?
కాలి బొటనవేలు మెల్లగ తాకుత.
సార్, టైమైంది.
ఆయన లేస్తడు, సంతకం వెడుతడు,
బూట్ల దారాలు కట్టుకొని
బయటి మంచుల పోతడు.

లేచిపోవుడంటే గిది గూడ.
పొద్దుగాల రవళికి చెప్పాలె.