పదకొండో నంబరు గది

వేట నిషేధం మొదలైన మూడో రోజు
పోలిరాజు వచ్చాడు
పెద్దాసుపత్రి మెట్ల కింద
సగం చెరిగిన బాణం గుర్తు పట్టుకుని.
కుర్చీ అంచున కూర్చున్నాడు, లేచిపోడానికి సిద్ధంగా.

"నాకు కాదమ్మా, మా బోటు మీద ఒకడికి."
అందరూ ఆ ఒకడి కోసమే వస్తారు.
పన్నెండేళ్లయింది,
ఆ ఒకణ్ణి నేనింకా చూళ్లేదు.

చిటికెనవేలి గోరంత పుండట.
నొప్పి లేదు, సలుపు లేదు,
మూడు వారాలకి దానంతటదే ఆరిపోయిందట.
"మానిపోనాది కదా, మరింకేటి?"

అరచేతులు తిప్పి చూశాను.
తాళ్లు కోసిన గీతల మధ్య
రాగిరంగు మచ్చలు.
గంగ ఉన్నట్టుండి వెనక్కి తగ్గితే
మీరు పడవలు పైకి లాక్కుంటారు పోలిరాజూ,
సంబరపడరు కదా.

అతను కాసేపు మాట్లాడలేదు.

సిఫిలిస్ అన్నాను.
పారాదీప్ వైపు దొరికే ఏదో చేప పేరనుకున్నట్టు చూశాడు.
తెలుగులో చెప్పమన్నాడు.
తెలుగులో బోర్డు మీదుంది, నీలం రంగుతో:
సుఖవ్యాధి.
ఆ పేరు పెట్టినవాళ్లెవరో
ఈ బల్లకి ఇటుపక్క ఎప్పుడూ కూర్చుని ఉండరు.

రక్తం తీశారు, రెండు పిరుదులకీ సూదులిచ్చారు.
ఒరిగిన పడవలా నడిచొచ్చి
"అయిపోనాదా?" అన్నాడు.
అవలేదు. చీటీ రాశాను.
దాని మీద రోగం పేరుండదు, ఒక నంబరు, అంతే.
ఇంట్లో ఇవ్వాలి.
పారాదీప్‌లో ఎవరన్నా ఉంటే ఆమెకీ.
ఇద్దరికీ మందు పడ్డాక రెండు వారాలు దూరం,
ఆ తర్వాత కండోము.
"మాకెందుకమ్మా, దానికి ఆపరేషనైపోనాది."
ఆపరేషను పిల్లల్నే ఆపుతుందయ్యా.

అతన్నని ఏం లాభం.
చెక్కబొమ్మ మీద తొడిగి చూపించే నేను
మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని
"అది" అనే అంటాను.

పదకొండు రోజులకి మసేనమ్మ వచ్చింది, ఒక్కతే.
గంప గుమ్మం బయట దించి
చెంగు ముడి విప్పి చీటీ బల్ల మీద పెట్టింది.
ఎండు నెత్తళ్ల వాసన.
"ఆడు సెప్పనేదు. సొక్కా ఉతుకుతుంటే దొరికినాది.
మా పెద్దగుంట సదివి
ఆసుపత్రి నంబరమ్మా అంది.
నాకేటీ నొప్పి నేదు. నొప్పి నేకపోతే రాకూడదా?"

అప్పుడు మొదలుపెట్టింది.
తెల్లబట్ట, మంట,
నాలుగేళ్లుగా పొత్తికడుపులో లాగుడు,
"ఇదీ అదేనా? మరిదో?"
కొన్ని అదే కావచ్చు, కొన్ని కాకపోవచ్చు,
చూస్తేగాని తెలీదన్నాను.
ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదా?
"ఎవరున్నారు" అంది, నిష్ఠూరం లేకుండా.

సూది చేయించుకుని వచ్చి
కండోములు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది,
బేరంలో పరకలు లెక్కపెట్టినట్టు, పెదాలు కదుపుతూ.
"రెండు వారాలు ఆగమన్నావు, ఆగుతాను.
ఆడి సంగతి నేను సూసుకుంటాను.
గానీ పదేనా?
నిషేధం ఇంకా నలభయ్యేడు రోజులుంది."

పెట్టె మొత్తం ఆమె వైపు తోశాను.