బంపరు మీద నక్షత్రం

కలామాలో ఎండకి దయ లేదు, వానకి దారి తెలీదు.
ఈ ఎడారిలో అందరికంటే ముందు ముసలిదయ్యేది
కారు అంచున కూర్చున్న నల్ల ప్లాస్టిక్.
ఇనుముకి రంగుంది, రంగు మీద పూతుంది.
దీనికేముంది? పోతపోసిన రోజు ఒంట్లో కలిసిన నలుపు,
కాస్త నూనె. అంతే ఆస్తి.

వేలితో రాస్తే సుద్ద.
ఎవరో పలక మీది పాఠమంతా అరచేత్తో తుడిచి
బడికి తాళం వేసి వెళ్ళినట్టు.

నెలిదా చోకే ఆగస్టులో పికప్ తెచ్చింది,
గని కంపెనీ వేలంలో కొన్న తెల్ల బండి,
ఇప్పుడు సంతకి ఉల్లిపాయలు మోస్తోంది.
"అమ్మేస్తాను. ముందు దీనికో మొహం తెప్పించు" అంది.
వెనక బంపరంతా బూడిద.
ఎడమ మూల మాత్రం, అరచేతిలో పట్టేంత నక్షత్రం,
కారునలుపు.
ఎవరో ఎప్పుడో అంటించారు, ఎవరో పీకేశారు.
ఆ కాగితం ముక్క నీడలో
పుట్టిననాటి రంగు అలాగే ఉండిపోయింది.
"ఎవరు అంటించారు?"
"నాకేం తెలుసు. నేను కొనేసరికే ఉంది."

మా యెర్కోకి ఇరవై ఏళ్ళు, ఇరవై తొందరలు.
సిలికాన్ సీసా మూత తీశాడు. లాక్కున్నాను.
నూనె రాసుకుని ఇక్కడ ఆరుబయట పడుకుంటే
మధ్యాహ్నం గాలి ఇసకతో దుప్పటి కప్పుతుంది రా.
హీట్ గన్ అందుకున్నాడు.
నిజమే, సెగ తగిలితే లోపలి నూనె పైకొస్తుంది,
కళ్ళ ముందే నల్లబడుతుంది, మాయలా.
ఒక్క క్షణం ఎక్కువ నిలిపావా, గరుకు కరిగి
కాలిన చర్మంలా మెరుస్తుంది, దానికి మందు లేదు.
అయినా తీస్తున్నది దాని ఒంట్లోదే కదా,
రేపటి కూలి ఇవాళే తాగేసినట్టు.

కడుగు ముందు.
గరుకు సందుల్లో పాత మైనం తెల్లగా ఇరుక్కుంది,
పళ్ళ బ్రష్షు పట్టు, పాట పాడుకో, పర్వాలేదు.
తరవాత స్పిరిట్ గుడ్డ. గుడ్డ మురిగ్గా వస్తే ఇంకో గుడ్డ.
తెల్లరంగు అంచున నీలం టేపు.
పూత చుక్కలుగా పొయ్యి,
అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి.
మిగిలింది ఆరకముందే తుడిచెయ్యి, లేదంటే
చారలు చారలుగా రెండేళ్ళు నీ పేరు చెప్తుంది.

నక్షత్రం దగ్గరికొచ్చి నా చెయ్యే ఆగింది.
డబ్బిచ్చేది నెలిదా, నక్షత్రం కాదు.
పూశాను.

రాత్రంతా షెడ్డు తలుపు సందుల్లో తడిగోనె కుక్కాం, దుమ్ము రాకుండా.
తెల్లారేసరికి బంపరంతా ఒకటే నలుపు, చుక్క లేని ఆకాశం.
నెలిదా చుట్టూ తిరిగి చూసింది,
ఎడమ మూల వంగి వేలితో తడిమింది.
"ఇక్కడ ఉండేది కదా."
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
బండి అమ్మలేదని తరవాత విన్నాను.

రెండేళ్ళకి మళ్ళీ వచ్చింది.
ఎండ నా పూతని అంచులనుంచి కొరుక్కుతింది.
బూడిద తిరిగొచ్చింది, దాని నడుమ,
మొనలు సరిగా తేలకుండా, పల్చగా,
అది.

యెర్కో ఇప్పుడు నాకంటే బాగా పూస్తాడు.
గుడ్డ తడిపి నావైపు చూశాడు, నేను ఆమెవైపు.
నెలిదా ఉల్లి వాసనేసే సంచీలోంచి
ఒక స్టిక్కరు తీసింది, వెండిరంగుది,
బడిపిల్లలు నోటుపుస్తకాలకి అంటించుకునే రకం.
"కడిగాక ముందిది. పూత చుట్టూ వెయ్యి."

కొలత కుదర్లేదు. ఒక మొన పక్కకి పోయింది.
"దాని చుట్టూ టేపు వెయ్యనా?" అన్నాడు యెర్కో.
వద్దంది ఆమె.
వాడు నీలం చుట్టని మళ్ళీ డబ్బాలో పెట్టాడు.